నెల్లూరు చేపల పులుసు పక్కన ఏ వైన్ పెట్టాలి?

నెల్లూరు మాగుంట లేఅవుట్ దగ్గర మా బావగారికి బార్ లైసెన్స్ ఉన్న చిన్న రెస్టారెంట్ ఉంది. వచ్చే నెల ఒక శనివారం రాత్రి, ముందుగా బుక్ చేసుకున్న 24 మందికి వైన్ రుచి చూపిస్తూ భోజనం పెట్టాలని ఆయన పట్టుదల. వంటకానికో వైన్, మనిషికి 60 మి.లీ. ఆ లెక్కన 750 మి.లీ. సీసా పన్నెండు మందికి వస్తుంది. లెక్క దాకా టెన్షన్ లేదు.

చిక్కంతా చేపల పులుసుతోనే. చింతపండు పులుపు, మామిడికాయ ముక్కలు, పైగా మన నెల్లూరు కారం. రెడ్ వైన్‌లో ఉండే వగరు కారాన్ని ఇంకా మండిస్తుంది. పులుపు తక్కువున్న వైన్ పులుసు ముందు చప్పబడిపోతుంది. అందుకే వైట్ వైన్లలో పులుపున్న నాసిక్ సావిన్యాన్ బ్లాంక్ గానీ, కాస్త తీపి తగిలే షెనిన్ బ్లాంక్ గానీ పెడదామంటున్నాను. రెడ్ లేకపోతే జనం రారని బావగారు. ఆయన మాట కాదనలేక మటన్ వేపుడుకి షిరాజ్ అనే రెడ్ వైన్ ఒప్పుకున్నా.

ఇలాంటి విందు చేసినవాళ్లు గానీ, తిన్నవాళ్లు గానీ చెప్పండి: పులుసుకి ఈ రెండిట్లో ఏది నయం? అన్నంలో కలుపుకుని తింటే రుచి తేడా వస్తుందా? మలై కాజా పాకం ముందు తీపి వైన్ కూడా పుల్లగా అనిపిస్తుందేమో, కాజాని వైన్ లేకుండా ఉత్తగానే వడ్డించేయమంటారా? ఇంకోటి, రుచి చూసిన వైన్‌ని పుక్కిలించి ఉమ్మడానికి గిన్నెలు పెడతారట కదా, మనవాళ్ల భోజనాల బల్ల మీద అవి పెట్టొచ్చంటారా?