పాత డేట్ హెల్పర్ ఫంక్షన్లను మారుస్తుంటే ఐదున్నర గంటల తేడా వస్తోంది

ప్రశ్న (నల్లకుంట, హైదరాబాద్ నుంచి)

నమస్కారం. నగరంలోని ఒక ఫంక్షన్ హాల్ కోసం చాలా ఏళ్ల క్రితం ఎవరో కోడ్‌ఇగ్నైటర్ 3లో (ఇది పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) రాసిన బుకింగ్ సాఫ్ట్‌వేర్‌ను నేను ఇప్పుడు కోడ్‌ఇగ్నైటర్ 4కు, పీహెచ్‌పీ 8.1కు మారుస్తున్నాను. పాత కోడ్‌లో తేదీలూ సమయాల పనులు చేసే డేట్ హెల్పర్ ఫంక్షన్లు వందకు పైగా చోట్ల ఉన్నాయి: నౌ, జీఎంటీ టు లోకల్, మైఎస్‌క్యూఎల్ టు యునిక్స్, హ్యూమన్ టు యునిక్స్, టైమ్‌స్పాన్. కొత్త వెర్షన్ హెల్పర్‌లో వీటిలో నౌ ఒక్కటే మిగిలింది కాబట్టి, మిగతా వాటిని పాత ఫైలు నుంచి యథాతథంగా తెచ్చి పెట్టుకున్నాను.

కొత్త సర్వర్‌లో యాప్ టైమ్‌జోన్‌ను ఆసియా/కోల్‌కతా అని పెట్టగానే, సాయంత్రం 7 గంటలకు అడ్వాన్స్ కట్టినవారి రసీదు మీద మర్నాటి తేదీతో అర్ధరాత్రి 12:30 అని రావడం మొదలైంది. తిరిగి యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) అని పెడితే రసీదులు సరిపోతున్నాయి గానీ, నేను కొత్త వెర్షన్‌లోని టైమ్ క్లాస్‌తో రాసిన పేజీలు ఐదున్నర గంటలు వెనకబడుతున్నాయి. ఒక్కొక్క పాత ఫంక్షన్‌కు సరిసమానమైన కొత్త మెథడ్ ఏదో ఎవరైనా చెబితే, వరుసగా మార్చుకుంటూ పోవాలని నా ఆలోచన.

సమాధానం (మాదాపూర్ నుంచి)

మీరు అడిగిన పట్టికను తయారు చేయడం కష్టం కాదు, కానీ దాని ప్రకారం మార్చుకుంటూ పోతే ఈ తప్పే కొత్త పేర్లతో తిరిగి వస్తుంది. పాత జీఎంటీ టు లోకల్ చేసే పని ఏమిటో ఒకసారి దాని కోడ్ తెరిచి చూడండి. మన సమయానికి పాత హెల్పర్ వాడే యూపీ55 అనే సంకేతాన్ని 5.5గా మార్చి, దాన్ని 3600తో గుణించి, వచ్చిన 19800 సెకన్లను టైమ్‌స్టాంప్‌కు కలుపుతుంది, అంతే. యునిక్స్ టైమ్‌స్టాంప్ అంటే 1970 జనవరి 1 యూటీసీ నుంచి గడిచిన సెకన్లు. అది హైదరాబాద్‌లోనైనా న్యూజెర్సీలోనైనా ఒకే అంకె. దానికి 19800 కలిపాక మిగిలేది స్థానిక సమయం కాదు, టైమ్‌స్టాంప్ వేషం వేసుకున్న మరో క్షణం. సర్వర్ యూటీసీలో ఉన్నంతకాలం పీహెచ్‌పీ డేట్ ఫంక్షన్ ఇంకేమీ కలపదు కాబట్టి వేషం బయటపడలేదు. మీరు ఆసియా/కోల్‌కతా అని పెట్టగానే డేట్ ఫంక్షన్ తన వంతుగా మరో ఐదున్నర గంటలు కలిపింది. మీ రసీదు 12:30కు చేరింది అందుకే.

ఇంకా ఇబ్బందికరమైనది నౌ. కోడ్‌ఇగ్నైటర్ 3 కాన్ఫిగ్‌లో టైమ్ రిఫరెన్స్ అనే అమరిక ఉంటుంది. అది లోకల్ అయితే నౌ నిజమైన టైమ్‌స్టాంప్‌నే ఇస్తుంది. అక్కడ ఎవరైనా ఆసియా/కోల్‌కతా అని రాసి, సర్వర్‌ను యూటీసీలోనే వదిలి ఉంటే, అది కూడా ముందుకు జరిపిన (19800 కలిపిన) అంకెనే ఇస్తుంది. అంటే ఇన్నేళ్లుగా మీ డేటాబేస్‌లో చేరిన అంకెలే జరిగినవి అయి ఉండవచ్చు. మధ్యలో ఎవరైనా ఆ అమరికను మార్చి ఉంటే సగం వరుసలు ఒక రకం, సగం వరుసలు ఇంకో రకం. అందుచేత ముందు పరీక్షించవలసింది కోడ్‌ను కాదు, డేటాను. పేమెంట్ గేట్‌వే నుంచి దిగుమతి చేసుకున్న లావాదేవీల సమయాలను మీ రసీదుల పట్టికలోని సమయాల పక్కన పెట్టి తేడా తీయండి. తేడా కొన్ని సెకన్లే అయితే ఆ వరుస నిజమైనది, 19800కు అటూ ఇటూగా ఉంటే జరిగినది. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా జరిగిందో తేలాక, పాత కాలమ్‌ను ముట్టుకోకుండా కొత్త కాలమ్‌లో సరిచేసిన విలువను రాయండి.

ఆ తర్వాతే కోడ్. పాత ఫంక్షన్ల పేర్లను ఒక సొంత హెల్పర్ ఫైల్‌లో (దాన్ని తొడుగు అందాం) అలాగే ఉంచి, లోపల మాత్రం టైమ్ క్లాస్‌ను వాడండి. ప్రతి పిలుపూ ఏ ఫైలు నుంచి వచ్చిందో లాగ్‌లో ఒక వరుస రాసేలా చేయండి. వందకు పైగా చోట్లను ఒకే రోజున మార్చే సాహసం నేనైతే చేయను. రోజూ లాగ్ చూస్తూ, ఎక్కువగా పిలుస్తున్న చోటు నుంచి మార్చుకుంటూ వస్తే, చివరికి తొడుగు ఖాళీ అవుతుంది. మార్చే ముందు ఒక్కొక్క దానికి పరీక్ష రాయండి. టైమ్ క్లాస్‌లో సెట్ టెస్ట్ నౌ ఉన్నది అందుకే, గడియారాన్ని మీకు కావలసిన క్షణం దగ్గర ఆపి రాత్రి 11:59ని పట్టపగలే పరీక్షించవచ్చు.

ఒక హెచ్చరిక. కోడ్‌ఇగ్నైటర్ 4.3 నుంచి టైమ్ క్లాస్ డేట్‌టైమ్ ఇమ్యూటబుల్ మీద నిర్మితమైంది. తేదీకి ఒక రోజు కలిపితే పాత వస్తువు మారదు, కొత్తది తిరిగి వస్తుంది. తిరిగి వచ్చినదాన్ని వేరియబుల్‌లో పట్టుకోకపోతే కలిపినట్టే ఉంటుంది, ఏమీ జరగదు.

సమాధానం (సైనిక్‌పురి నుంచి)

పై సమాధానంతో చాలా వరకు ఏకీభవిస్తాను గానీ, అది రసీదులకు వర్తించినంతగా హాల్ బుకింగులకు వర్తించదు. అడ్వాన్స్ కట్టడం జరిగిపోయిన క్షణం, దానికి యూటీసీ సరైనది. వచ్చే మాఘమాసంలో ఫలానా రోజున హాల్ కావాలి అన్నది అసలు క్షణం కాదు, క్యాలెండర్‌లో ఒక గడి. దాన్ని టైమ్‌స్టాంప్‌గా దాచితే, ఎవరో టైమ్‌జోన్ మార్చిన రోజున పెళ్లి ఒక రోజు ముందుకో వెనక్కో జరుగుతుంది. దానికి మైఎస్‌క్యూఎల్‌లో సమయం లేని డేట్ కాలమ్ చాలు.

మన పెళ్లిళ్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. శుభలేఖ మీద "గురువారం రాత్రి 2 గంటల 40 నిమిషాలకు, తెల్లవారితే శుక్రవారం" అని వేస్తారు. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, కంప్యూటర్‌కు అర్ధరాత్రితో మారుతుంది. హాల్ మేనేజరు తన రిజిస్టర్‌లో దాన్ని గురువారం కిందే రాసుకుంటాడు, ఎందుకంటే వంటవాళ్లు, విడిది, అలంకరణ అన్నీ గురువారమే మొదలవుతాయి. ముహూర్త సమయం నుంచి బుకింగ్ తేదీని లెక్కకట్టే ఫంక్షన్ మీ పాత కోడ్‌లో ఉంటే, అది శుక్రవారం అంటుంది. అదే శుక్రవారం ఇంకొకరికి హాల్ ఇచ్చి ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. హాల్ తేదీ వేరే కాలమ్‌గా, ముహూర్తం స్థానిక డేట్‌టైమ్‌గా, పక్కన టైమ్‌జోన్ పేరుగా దాచండి. ఒకదాని నుంచి ఇంకొకటి పుట్టించకండి.

టైమ్‌జోన్ పేరు అన్నాను, యూపీ55 వంటి అంకె కాదు. మన దగ్గర వేసవికి గడియారాలను జరపరు కాబట్టి ఆ అంకెతో ఇన్నాళ్లూ గడిచింది. న్యూజెర్సీలో ఉన్న పెళ్లికూతురి బాబాయి అడ్వాన్స్ కడుతూ తన సమయంలో రసీదు చూస్తే, మనకూ ఆయనకూ చలికాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర గంటలు తేడా. పాత ఫంక్షన్‌కు వేసవి సమయమా కాదా అని మూడో ఆర్గ్యుమెంట్‌లో మనమే చెప్పాలి. అమెరికా/న్యూయార్క్ అని ఇస్తే ఆ లెక్కను టైమ్‌జోన్ డేటాబేస్ చూసుకుంటుంది.

సమాధానం (దిల్‌సుఖ్‌నగర్ నుంచి)

ఫారంలో తేదీ ఎలా చదువుతున్నారో కూడా చూడండి. హ్యూమన్ టు యునిక్స్ బదులు స్ట్ర్‌టుటైమ్ గానీ టైమ్ పార్స్ గానీ పెడితే, ఏటవాలు గీతలతో రాసిన 03/04/2025ను పీహెచ్‌పీ అమెరికా పద్ధతిలో మార్చి 4 అని చదువుతుంది, చిన్నగీతలతో రాసిన 03-04-2025ను మాత్రం ఏప్రిల్ 3 అని చదువుతుంది. 13/04 అయితే 13వ నెల లేదు కాబట్టి తప్పు వెంటనే తెలుస్తుంది. 12 లోపు తేదీలు మాత్రం నిశ్శబ్దంగా తారుమారవుతాయి. తేదీ ఏ రూపంలో ఉందో మనమే చెప్పే క్రియేట్ ఫ్రమ్ ఫార్మాట్‌ను వాడి, దానికి రూపం స్పష్టంగా ఇవ్వండి, రూపం ముందు ఆశ్చర్యార్థకం పెట్టండి, లేకపోతే ఇవ్వని గంటలూ నిమిషాలూ ప్రస్తుత సమయం నుంచి వచ్చి చేరతాయి. ఫిబ్రవరి 31 అని ఇచ్చినా అది మార్చిలోకి జారుకుంటుంది గాని ఆగదు, హెచ్చరికలను మీరే తనిఖీ చేయాలి.

వాయిదాల్లో కట్టే సౌకర్యం ఉంటే, జనవరి 31కి ఒక నెల కలిపి చూడండి. 2025లో అది మార్చి 3 అవుతుంది. తెలుగులో నెలల పేర్ల కోసం స్ట్ర్‌ఎఫ్‌టైమ్ వాడుతూ ఉంటే, పీహెచ్‌పీ 8.1లో దాన్ని వాడవద్దని ప్రకటించారు, ఇంటల్ డేట్ ఫార్మాటర్‌కు తెలుగు లొకేల్ ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ ధన్యవాదాలు. గేట్‌వే జాబితాతో పోల్చి చూశాను. మొదటి రెండేళ్ల రసీదులు నిజమైనవి, తర్వాత ఎవరో టైమ్ రిఫరెన్స్ మార్చినప్పటి నుంచి అన్నీ సరిగ్గా 19800 ముందుకు ఉన్నాయి. కొత్త కాలమ్‌లో సరిచేశాను. ముహూర్తం సంగతి మేనేజరు గారిని అడిగితే, పాత సాఫ్ట్‌వేర్ తేదీ తప్పు చూపినప్పుడల్లా తాను ముహూర్తాన్ని రాత్రి 11:59 అని నమోదు చేస్తూ వచ్చానని చెప్పారు. అటువంటి బుకింగులు రిజిస్టర్ చూసి ఒక్కొక్కటీ చేత్తో దిద్దవలసినవే, ఆ పని ఇంకా నడుస్తోంది. లాగ్‌లో ఇప్పుడు పాత పిలుపులు వారంగా ఏమీ రావడం లేదు. నెలాఖరున ఒకేసారి నడిచే లెక్కల రిపోర్టు ఒకటి ఉంది కాబట్టి, అది నడిచేదాకా ఆగి తొడుగు ఫైలును తీసేస్తాను.