సెటిల్‌లో దిగాలా, గిగుల్స్‌విక్‌లో దిగాలా?

గోదావరి_పిల్ల:
లీడ్స్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నాను. అమ్మానాన్న రాజమండ్రి నుంచి వచ్చారు. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు, లండన్ మొత్తం తిప్పినా ఊఁ అనలేదు గానీ రిబుల్‌హెడ్ రైలు వంతెన ఫోటో చూసినప్పటి నుంచి అక్కడికి ఎప్పుడు తీసుకెళ్తావని ఒకటే గొడవ. పొద్దున సెటిల్‌లో కాసేపు తిరిగి, అక్కడి నుంచి వంతెన దగ్గరికి, వీలైతే డెంట్ ఊరు కూడా చూసి రాత్రికి వచ్చేద్దామని ప్లాన్. మ్యాప్‌లో సెటిల్ పక్కనే గిగుల్స్‌విక్ అని ఇంకో స్టేషన్ ఉంది. ఎక్కడ దిగినా ఒకటేనా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు.

డేల్స్_బాబాయ్:
ఒకటి కాదమ్మా. లీడ్స్ నుంచి స్కిప్టన్ మీదుగా వచ్చే లైను సెటిల్‌కి కాస్త ముందు రెండుగా చీలుతుంది. ఒకటి సెటిల్, రిబుల్‌హెడ్ మీదుగా కార్లైల్ పోతుంది, రెండోది గిగుల్స్‌విక్ మీదుగా పడమర తీరాన మోర్‌కామ్‌కి. గిగుల్స్‌విక్‌లో దిగితే సెటిల్ ఊళ్లోకి మైలు దాకా నడవాలి, పైగా అక్కడి నుంచి రిబుల్‌హెడ్‌కి రైలే లేదు. మీరు కార్లైల్ బండే ఎక్కండి. సెటిల్ స్టేషన్ నుంచి మార్కెట్ చౌక్ నాలుగడుగులే, మంగళవారం అయితే సంత కూడా ఉంటుంది. కాకపోతే ఆ బండ్లు గంట గంటకీ రావు, ఒకటి తప్పితే రెండు గంటలు టీ తాగుతూ కూర్చోవడమే. అమ్మానాన్నకి ఇద్దరి పేర్ల మీద టూ టుగెదర్ రైల్‌కార్డ్ తీసుకుంటే మూడో వంతు తగ్గుతుంది, సోమవారం నుంచి శుక్రవారం దాకా అయితే పొద్దున తొమ్మిదిన్నర దాటాకే పనిచేస్తుంది.

చలిమంట:
డెంట్ మాత్రం వద్దు, నా మాట వినండి. స్టేషన్ పేరు డెంట్ కదా, ఊరు పక్కనే ఉంటుందని మేం నలుగురం దిగిపోయాం. ఊరు నాలుగు మైళ్ల కింద, లోయలో ఉంది! దారి నిట్టనిలువు, ఫోన్లో సిగ్నల్ లేదు, వాన. ఇంగ్లండ్ మెయిన్ లైన్లలో అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్ అదే, 1,150 అడుగులు, అది దిగాక తెలిసింది. మోకాళ్ల నొప్పులున్న మనిషిని అక్కడ దింపితే ఆవిడ మీతో మళ్లీ మాట్లాడదు.

గోదావరి_పిల్ల:
థాంక్సండీ, డెంట్ కొట్టేశాను. 1,150 అడుగులని నాన్నకి చెబితే గట్టిగా నవ్వారు, అరకు దారిలో శిమిలిగూడ దాదాపు వెయ్యి మీటర్లు, వీళ్లది 350 మీటర్లకే ఇంత బిల్డప్పా అని. వంతెన రైల్లోంచి బాగా కనిపిస్తుందా?

డేల్స్_బాబాయ్:
నాన్నగారికి నా నమస్కారం చెప్పు, పాయింటే :) రైల్లోంచి పెద్దగా తెలియదు, నువ్వు దాని మీదే ఉంటావు కదా. రిబుల్‌హెడ్‌లో దిగి కిందికి నడవాలి, పావుగంట, రాళ్ల దారి. అమ్మగారు అంతదూరం వద్దంటే స్టేషన్ దగ్గరే కూర్చోవచ్చు, దూరం నుంచైనా కనిపిస్తుంది. 24 ఆర్చీలు, 400 మీటర్ల పొడవు. 1870ల్లో కట్టారు, కూలీలు ఆ బీడులోనే గుడిసెలు వేసుకుని ఉండేవారు, చనిపోయినవాళ్లు చాలామంది పక్కనున్న చాపెల్-లి-డేల్ చర్చి ఆవరణలో సమాధుల్లో ఉన్నారు. రైల్వే ఆయన కాబట్టి ఇది కూడా చెప్పు: వంతెన రిపేరుకి ఖర్చెక్కువని చూపి 1980ల్లో లైను మొత్తం మూసేద్దామన్నారు. జనం వేలల్లో అభ్యంతరాలు పంపారు, రస్వార్ప్ అనే కుక్క కూడా పాదముద్రతో సంతకం పెట్టింది, జోక్ కాదు, గార్స్‌డేల్ స్టేషన్లో దాని విగ్రహం ఉంది. 1989లో మూసివేత ఆగింది.

చలిమంట:
ఆదివారం వెళ్తుంటే ముందురోజు రాత్రి ఒకసారి చూసుకోండి, ట్రాక్ పనులని రైలు బదులు బస్సు వేస్తుంటారు, బస్సు వంతెన మీదికి ఎక్కదు.