చెన్నై నుంచి పులికాట్ టూరు: "ఎథికల్" అని పేరు పెట్టి మనిషికి 2,800 తీసుకోవచ్చా?

వలస_పిట్ట: అందరికీ నమస్కారం. సీజన్‌లో శని, ఆదివారాలు పక్షుల్ని చూపించడానికి చెన్నై నుంచి నేలపట్టు పక్షుల కేంద్రానికి, పులికాట్ సరస్సుకి తీసుకెళ్తుంటాను. పది మందికి మించి ఎక్కించుకోను. ఈ ఏడాది మనిషికి 2,800 చేద్దామనుకుంటున్నా. పడవ లేదు, డ్రోన్ లేదు, ప్లాస్టిక్ బాటిల్ లేదు. మధ్యాహ్నం సరస్సు ఒడ్డున ఊళ్ళో ఒకరింట్లో భోజనం. "ఎథికల్ టూర్" అని పోస్టర్ వేస్తే ఒకాయన మోసం అనేశాడు. మీరేమంటారు?

కొరుక్కుపేట_రాజు: నేనూ అదే అంటా. సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ స్టేషన్‌లో సూళ్ళూరుపేట లోకల్ రైలెక్కి, దిగాక ఆటో మాట్లాడుకుంటే సరి. శ్రీహరికోట రోడ్డు మీద నిలబడితే రెండు పక్కలా ఫ్లెమింగోలే. లోకల్ టికెట్ టీ ఖర్చంత. 2,800 దేనికి?

వలస_పిట్ట: పది మందే ఎక్కారని బండి అద్దె తగ్గదు కదా రాజు గారూ. కిందటేడు ఆ రోడ్డు మీదే ఒక గుంపు డ్రోన్ ఎగరేసింది. ముక్కు తలకిందులుగా నీళ్ళలో పెట్టి మేస్తున్నవన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. లేచిన ప్రతిసారీ మేతా పోతుంది, ఒంట్లో సత్తువా పోతుంది. మేం గట్టు దిగం. రోడ్డు మీదే స్కోప్ (దూరపు పక్షుల్ని చూసే దుర్భిణి) పెట్టి చూపిస్తాం.

కొరుక్కుపేట_రాజు: సరే, పోస్టర్ ఫోటోలో డ్రైవర్ సీటు పక్కన ఉన్నదేంటి? నీళ్ళ బాటిల్ కాదూ?

వలస_పిట్ట: అది డ్రైవర్‌ది సార్.

కొరుక్కుపేట_రాజు: డ్రైవర్‌కి ఎథిక్స్ లేవా మరి?

మడిపాక్కం_అక్క: పడవ ఎక్కించకపోతే పిల్లలకి ఏం తోస్తుందండీ అక్కడ?

సెంట్రల్_లోకల్: అక్కా, 2011 క్రిస్మస్ రోజు పళవేర్కాడులో (పులికాట్‌కి తమిళ పేరు) పడవ బోల్తా పడి 22 మంది పోయారు. అందరూ సరదాగా వెళ్ళినవాళ్ళే. పడవ లేదన్నందుకు ఆయన్ని మెచ్చుకోవాలి.

టీనగర్_మామయ్య: హైకోర్టు చెప్పాక 2024 మే 7 నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కి ఈ-పాస్ పెట్టారు. పులికాట్‌కీ పెడితే ఈ గొడవే ఉండదు.

కొరుక్కుపేట_రాజు: ఊటీ ఎందుకు మామయ్యా మధ్యలో! బాటిల్ సంగతి తేలనివ్వండి.

గట్టు_మీది_వాడు: పొద్దుట్నుంచి బాటిల్ పట్టుకుని కొట్టుకుంటున్నారు. మాది తడ పక్కన, సరస్సు ఒడ్డు ఊరు. నేను అంబత్తూరులో పని చేస్తా. రెండేళ్ళ కింద ఒక టూరాయన (ఈయన కాదు) మా అమ్మతో వండించాడు. తెల్లవారుజామున లేచి మండ పీతలు కడిగి, పులుసు పెట్టి, పన్నెండు ఆకులు వేసింది. ఆకుకి 150 చేతిలో పెట్టాడు. అదే భోజనం వాళ్ళ పేజీలో "జాలరి ఇంటి విందు", 650. రాత్రంతా వల దగ్గరుండి వచ్చి మా నాయన పడుకుంటే, ఒకావిడ గడపలో నిలబడి ఫోటో తీసింది. లుంగీ కూడా సరిగ్గా లేదు మనిషికి. ఆ ఫోటో నాకు వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చింది.

వలస_పిట్ట: చదువుతుంటే బాధేసింది తమ్ముడూ. నా టూర్లో అడగకుండా ఫోటో తీయనివ్వను. ఆకుకి 300 ఇస్తా.

గట్టు_మీది_వాడు: 300 అని ఎవరు చెప్పారు? ఏ ఇంట్లో తినాలో ఎవరు చెప్పారు?

వలస_పిట్ట: నేనే చూసుకుంటా. శుభ్రంగా ఉండాలి, ఆడవాళ్ళు వస్తారు కాబట్టి బాత్రూమ్ ఉండాలి. ఇప్పుడు ఒకే ఇల్లు. రివ్యూల్లో అందరూ ఆమె పులుసు గురించే రాస్తారు.

సెంట్రల్_లోకల్: పక్షుల గురించి చెప్పేదెవరండీ? 2018లో తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్‌కి వెళ్ళి అడవి మంటల్లో అంతమంది పోయారు. 2024లో అటవీశాఖే "ట్రెక్ తమిళనాడు" అని కొండ నడక టూర్లు మొదలెట్టింది. అందులో దారి చూపేది ఆ కొండ ఊళ్ళవాళ్ళే. ఇక్కడా అలా చెయ్యొచ్చుగా.

వలస_పిట్ట: నేనే చెప్తా. ఊరి కుర్రాణ్ణి పెట్టి చూశా. గెస్టుల్లో సగం తమిళులు, అతనికి భాష ఇబ్బంది.

గట్టు_మీది_వాడు: తడ వాడికి తమిళం రాదా?! చెంగల్పట్టు నుంచి కోడళ్ళు వస్తారయ్యా మా ఊరికి! ఇంగ్లీషు రాదని చెప్పు, ఒప్పుకుంటా. నేలపట్టులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెడితే, రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి బలమని కాపాడుకున్నది ఊరివాళ్ళే. అప్పుడు నీ స్కోపూ లేదు, పోస్టరూ లేదు.

వలస_పిట్ట: వారం వారం మీ ఊరికి డబ్బు తెస్తున్నది నేను. అది కూడా తప్పేనా?

గట్టు_మీది_వాడు: డబ్బు తెచ్చే తీరు గురించే నా గొడవ. సరస్సులో ఎవరు ఎప్పుడు ఎక్కడ వల వెయ్యాలో మావాళ్ళు "పాడు" అని వంతులు పెట్టుకుంటారు. రొయ్య బాగా పడే చోటు ఒక్కడికే రాసివ్వరు, వంతు తిరుగుతుంది. నువ్వొచ్చి వారం వారం ఒక్క ఇంటికే పది ఆకులు ఇస్తావు. మా అమ్మకి వచ్చిన ఆ 150లకే పక్కింటి పిన్ని ఆర్నెల్లు మాట్లాడలేదు. ఇళ్ళకీ అలాగే వంతు ఉండాలి. ఆ వంతు మా ఊరివాళ్ళు వెయ్యాలి, నువ్వు కాదు.

వలస_పిట్ట: వంతు ప్రకారం వెళ్ళిన ఇంట్లో కూర ఉప్పగా ఉంటే డబ్బు వెనక్కి అడిగేది నన్ను, మీ ఊరి పెద్దల్ని కాదు.

కొరుక్కుపేట_రాజు: 2,800లో ఊరికి 300. మిగతా 2,500 లెక్క?

వలస_పిట్ట: బండి, డీజిల్, టోల్, డ్రైవర్ బత్తా, ముందురోజు రాత్రి రాలేమని మెసేజ్ పెట్టేవాళ్ళ ఖాళీ సీట్లు. ముందు మీ జీతం స్లిప్పు ఇక్కడ పెట్టండి సార్, తర్వాత నా లెక్క అడుగుదురు.

టీనగర్_మామయ్య: బాబూ, మాటలు తగ్గించండి ఇద్దరూ.

వలస_పిట్ట: తమ్ముడూ, జనవరిలో ఒక గుంపు ఉంది. ఆ ఒక్కసారికి ఇల్లు మీవాళ్ళే చెప్పనీ. బాత్రూమ్ మాత్రం తప్పదు. రేటు 300.

గట్టు_మీది_వాడు: రేటు కూడా వాళ్ళే చెప్తారు. ఆదివారం ఊరెళ్తున్నా, అడిగి రాస్తా. ఎక్కువ చెప్పారని ఇక్కడ ఏడవకూడదు.

మడిపాక్కం_అక్క: తేలాక చెప్పండి, మాకు నాలుగు సీట్లు కావాలి. మా చిన్నాడికి పీతలు పడవు, కోడిగుడ్డు పులుసు పెడతారా?