జడ వీపు మధ్యలో ఆగిపోయింది: పెరగడం లేదా, తెగిపోతోందా?

వాలుజడ (ప్రశ్న):
నడుము దాటే జడ కావాలని జుట్టు పెంచుతున్నాను. వీపు మధ్యకి వచ్చాక ఏడాదిగా అక్కడే ఉంది. పైన ఒత్తుగానే ఉంటుంది, కిందికి వచ్చేసరికి జడ ఎలకతోకలా సన్నబడిపోతుంది. మాది బోరు నీళ్లు. వారానికి రెండుసార్లు తలస్నానం, ముందురోజు రాత్రి కొబ్బరినూనె. బయోటిన్ (ఒక రకం బి విటమిన్) మాత్రలు వేసుకోమని కొందరంటున్నారు. తిరుమలలో గుండు చేయించుకుని మళ్లీ పెంచితే ఒత్తుగా వస్తుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. నెలనెలా టేపు పెట్టి కొలిచి విసుగొచ్చింది. ఏం మార్చుకోవాలో చెప్పండి.

కుంకుడుచెట్టు:
ముందు రాలిన వెంట్రుకలు చూడండి. దువ్వెనలో చిక్కినవి ఓ పది తీసి వెలుతురుకి పట్టండి. ఒక కొసన చిన్న తెల్లటి ఉండ ఉండి, పొడవు కూడా పూర్తిగా ఉంటే అది కుదురు నుంచి ఊడినది. రోజుకి 50 నుంచి 100 దాకా అలా ఊడటం మామూలే. ఉండ లేకుండా పొట్టి ముక్కలు ఎక్కువగా కనిపిస్తే జుట్టు మధ్యలో తెగుతోందన్నమాట. మీరు చెప్పిన ఎలకతోకకి చాలావరకు ఇదే కారణం.

జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు, ఏడాదికి 12 నుంచి 15 సెంటీమీటర్లు పెరుగుతుంది. వీపు మధ్య అంటే దాదాపు 50 సెంటీమీటర్లు. అంటే మీ జడ కొసన ఉన్న వెంట్రుకకి నాలుగేళ్ల వయసు. నాలుగేళ్ల దువ్వెన, ఎండ, రబ్బరు బ్యాండ్ల రాపిడి అంతా దాని మీదే పడింది. పైన పెరిగినంతా కింద తెగుతుంటే టేపు మీద అంకె కదలదు. కాబట్టి మీ పని జుట్టుని పెంచడం కాదు, ఉన్న కొసలని కాపాడుకోవడం.

ఇంకో సంగతి కూడా ఉంది. ఒక్కో వెంట్రుక పెరిగే కాలం మనిషిని బట్టి రెండు నుంచి ఏడేళ్లు. ఊడిన పూర్తి వెంట్రుకలన్నీ ఇంచుమించు ఒకే పొడవులో, కొస చిట్లకుండా ఉంటే మీ జుట్టు తన హద్దుకి చేరిందని అర్థం. అప్పుడు ఏ నూనే దాన్ని పెద్దగా పొడిగించలేదు.

గుండు మాటకొస్తే, కత్తి చర్మం పైన ఉన్నదాన్నే తీస్తుంది, కుదుళ్లని తాకదు. కొత్తగా వచ్చే వెంట్రుక కొస మొద్దుగా ఉంటుంది గనక చేతికి గట్టిగా తగులుతుంది, అంతే. మొక్కు ఉంటే నిక్షేపంగా తీర్చుకోండి. ఒత్తు కోసమైతే వద్దు, మళ్లీ నడుము దాకా రావడానికి ఐదేళ్లకి పైనే పడుతుంది.

చిక్కుదువ్వెన:
తెగేది ఎక్కువగా తలస్నానం రోజే. తడిజుట్టు సాగుతుంది, సాగినప్పుడు లాగితే పుటుక్కున తెగుతుంది.

నూనె రాత్రంతా ఉండాలని లేదు, స్నానానికి గంట ముందు చాలు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, నీళ్లకి అది ఉబ్బడాన్ని తగ్గిస్తుంది. అందుకే మాడుకంటే పొడవుకి, ముఖ్యంగా కిందిసగానికి పట్టించండి. మీ పొడవుకి రెండు చెంచాలు సరిపోతుంది. జిడ్డు కారేలా పెడితే అది వదలడానికి రెండుసార్లు రుద్దాల్సి వస్తుంది, ఆ రుద్దుడే కొసలని తినేస్తుంది. చుండ్రు ఉంటే మాడుకి అసలు పెట్టకండి.

నూనె పెట్టాక, తడపకముందే చిక్కు తీసేయండి. వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల దగ్గర నాలుగు వేళ్ల మేర మొదలుపెట్టి, అది సాఫీ అయ్యాకే పైకి జరగండి. చిక్కు పై భాగాన్ని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంటే కుదురు మీద లాగుడు పడదు. షాంపూ మాడు వరకే, కిందికి నురగ జారితే చాలు. జుట్టంతా నెత్తి మీద పోగేసి రుద్దితే చిక్కులు పడతాయి. కండిషనర్ చెవుల కింద నుంచి.

తుండుతో చటచటా కొట్టి ఆరబెట్టే అలవాటు మానాలి. పాత కాటన్ బనియన్‌తో అద్ది వదిలేయండి. సాంబ్రాణి వాసనకి బాగుంటుంది, కానీ కొసలు నిప్పుకి మూరెడు దూరంలోనైనా ఉండాలి.

బోరునీళ్లు:
కఠినజలంలోని కాల్షియం ఒంటిసబ్బుతో కలిస్తే మడ్డిలా జుట్టుకి పట్టేస్తుంది, గరుకుదనం అక్కడిదే. తలకి సబ్బు వద్దు. కుంకుళ్లు ఆ మడ్డి కట్టవు. ఎనిమిది పది కాయలు కొట్టి, గింజలు తీసి, వేడినీళ్లలో అరగంట నాననిచ్చి పిసకండి. పలచటి గుడ్డలో తప్పకుండా వడకట్టాలి, పిప్పి జుట్టులో చిక్కితే దాన్ని దువ్వి తీయడంలోనే సగం తెగుతాయి. షాంపూ అయితే డబ్బా మీద ఈడీటీఏ (నీళ్లలోని కాల్షియాన్ని పట్టి ఉంచే పదార్థం) ఉందో లేదో చూసి కొనండి. చివర్లో లీటరు నీళ్లకి ఒక చెంచా నిమ్మరసం కలిపి పోసి, రెండు చెంబుల ఫిల్టర్ నీళ్లతో కడిగేయండి.

రక్తపరీక్ష:
తెల్ల ఉండతో ఊడేవే గుప్పెళ్లుగా వస్తుంటే కథ వేరు. డెంగీ, టైఫాయిడ్, కాన్పు, తిండి బాగా తగ్గించడం, వీటి తర్వాత రెండుమూడు నెలలకి జుట్టు ఒక్కసారిగా ఊడుతుంది. కారణం తీరాక చాలామందికి మళ్లీ వస్తుంది. తగ్గకపోతే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లి ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష), థైరాయిడ్ చూపించుకోండి. హిమోగ్లోబిన్ బాగున్నా ఫెరిటిన్ 30 ng/mL కంటే తక్కువ ఉండొచ్చు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇనుము సరిగ్గా ఒంటికి పట్టదు, గంట ఆగండి.

బయోటిన్ లోపం ఉన్నవాళ్లకే పనిచేస్తుంది, ఆ లోపం చాలా అరుదు. పైగా పెద్ద మోతాదు మాత్రలు థైరాయిడ్ రిపోర్టుని తారుమారు చేస్తాయి. వేసుకుంటుంటే పరీక్షకి కనీసం రెండు రోజుల ముందే ఆపి, ల్యాబ్‌లో కూడా ఆ మాట చెప్పండి.

వాలుజడ:
చూశాను, ఉండ లేని ముక్కలే ఎక్కువ. మరి కొసలు కత్తిరించాలా? పార్లర్‌లో "ట్రిమ్" అంటే మూడంగుళాలు పోతోంది. రోజూ స్కూటీ మీద ఆఫీసుకి వెళ్లాలి కూడా.

కుంకుడుచెట్టు:
కత్తిరించాలి. ఎలకతోక ఉన్నంతకాలం చిట్లు పైకి పాకుతూనే ఉంటుంది. మొదటిసారి ఐదు సెంటీమీటర్లు తీసేయండి, మనసు కష్టపడినా సరే. తర్వాత నాలుగు నెలలకోసారి ఒక్క సెంటీమీటరు. "కొంచెం" అనకండి, స్కేలు చూపించి సెంటీమీటర్లలో చెప్పండి. ఈ లెక్కన ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా మిగులుతుంది. నడుముకి ఇంకో 25 కావాలి, ఇప్పుడు తీసే ఐదుతో కలిపి 30, అంటే మూడేళ్లు. ఆ అంకెని ముందే ఒప్పుకుంటే టేపు ఇంత విసిగించదు. కొలత మూడు నెలలకోసారి చాలు. అడ్డచారల టీషర్టు ఒకటి దానికే ఉంచుకుని, అదే వేసుకుని వెనక నుంచి ఫొటో తీయించుకోండి.

స్కూటీ మీద జడని గాలికి వదలకండి, జాకెట్ లోపలికి తోసేయండి. హెల్మెట్ కింద ముడి వద్దు, మెడ దగ్గర వదులుజడ వేసుకోండి. లోహపు అతుకున్న రబ్బరు బ్యాండ్లు పారేసి బట్ట బ్యాండ్లు కొనండి. జడ విప్పాక పాపిడి దగ్గర నొప్పెడుతోందంటే బిగువు ఎక్కువైనట్టే. ఏళ్ల తరబడి అలా లాగితే నుదుటి దగ్గర కుదుళ్లు శాశ్వతంగా పోతాయి. పాపిడిని వారానికోసారి ఒక వేలు పక్కకి జరపండి. పెళ్లిళ్లలో సవరం, పూలజడ పెట్టుకున్నప్పుడు పిన్నుల బరువు జడ మొదట్లో పడాలి, ముందు జుట్టు మీద కాదు. ఇంటికి రాగానే తీసేయండి, వాటితో నిద్రపోవద్దు.