అప్‌డేట్: కంపేరిటివ్ పాలిటిక్స్‌లో మార్కులు ఎందుకు తగ్గాయో తెలిసింది
ఎంఏలో కంపేరిటివ్ పాలిటిక్స్ (వేర్వేరు దేశాల రాజకీయ వ్యవస్థలను పోల్చి చదివే సబ్జెక్టు) ఇంటర్నల్స్‌లో పేజీలు నింపినా సగం మార్కులే వస్తున్నాయి, తెలుగు మీడియం వల్లా, చేతిరాత వల్లా అని పోయిన నెల అడిగాను కదా, సంగతి తేలింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

మేడమ్‌కి పేపర్ చూపిస్తే రెండు పేజీలు తిప్పి, "నాలుగు దేశాల గురించి రాశావు, పోలిక ఎక్కడమ్మా?" అన్నారు. ఇక్కడ ఒకరు చెప్పిందీ అదే: దేశాల వారీగా కాదు, ప్రశ్న వారీగా చదవమని.

ప్రభుత్వం ఎలా పడిపోతుంది అన్న ప్రశ్న తీసుకున్నాను. 1999లో వాజ్‌పేయి విశ్వాస పరీక్షలో ఒక్క ఓటుతో ఓడారు. మరో ప్రభుత్వం కుదరక ఎన్నికలొచ్చాయి. జర్మనీలో పార్లమెంటు అవిశ్వాసంతో ఛాన్సలర్‌ని (మన ప్రధాని లాంటి పదవి) దించాలంటే ముందు వారసుణ్ని ఎన్నుకోవాల్సిందే. 1982లో ఛాన్సలర్ ష్మిట్ దిగిపోయి ఆ పదవిలోకి కోల్ వచ్చింది అలాగే. ఈ రెండూ పక్కపక్కన పెట్టగానే జవాబు దానంతటదే నడిచింది.

ఈసారి 20కి 16. తెలుగు మీడియం, చేతిరాత కారణాలు కావు. కోఠిలో కొన్న మూడు గైడ్ల కట్ట ఇంకా విప్పనేలేదు, ఎవరికైనా కావాలా?