పాత సన్ సర్వర్‌కి బెంగళూరులో చోటిచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది మారతహళ్లి. మా ఆఫీసు వేరే బిల్డింగ్‌కి మారుతోంది. స్టోర్ రూమ్‌లో ఉన్న సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ సర్వర్, ఎంటర్‌ప్రైజ్ 450ని తుక్కుకి వేసేస్తామంటే, నెలాఖరు దాకా ఆగమని బతిమాలాను.

1997లో వచ్చిన మోడల్ ఇది. నాలుగు అల్ట్రాస్పార్క్ ప్రాసెసర్లు, ఇరవై డిస్కుల దాకా పట్టే అరలు. చిన్న బీరువాలా ఉంటుంది. కింద చక్రాలున్నాయి గానీ మెట్లు దింపాలంటే నలుగురు కావాలి. ఇప్పటికీ ఆన్ అవుతుంది! ఫ్యాన్లు హోరుమంటాయి, మెమరీ పరీక్ష అవుతుంది, మనం టైప్ చేసే ఆదేశం కోసం 'ఓకే' ప్రాంప్ట్ దగ్గర ఆగుతుంది. సెట్టింగులు గుర్తుంచుకునే ఎన్‌వీర్యామ్ చిప్‌లో బ్యాటరీ అయిపోయింది కాబట్టి ఈథర్నెట్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో యంత్రాన్ని గుర్తుపట్టే నంబరు) మర్చిపోయింది. చిప్ మారిస్తే సరి. డిస్కులు మాత్రం ఆఫీసువాళ్లు ఇవ్వరు, 80 పిన్నుల స్కజీ (SCSI) రకం డిస్కులు మీరే చూసుకోవాలి. సన్ వాళ్ల యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ సొలారిస్ 10 నడుస్తుంది.

ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ మార్కెట్లో అడిగితే తూకం లెక్కనే కొంటామన్నారు. విప్పేస్తారని తెలిసి ఇవ్వబుద్ధి కాలేదు. ఈ పెట్టె మీదే నేను యూనిక్స్ నేర్చుకున్నాను.

డబ్బులేమీ వద్దు. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్ అయినా, పాత యంత్రాలు దాచుకునేవాళ్లయినా సరే. కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియంలో ఇలాంటివి తీసుకుంటారా? అక్కడ ఎవరిని కలవాలి? హోసూరు, చిత్తూరు వైపు వాళ్లయినా పర్వాలేదు, టెంపో కిరాయి సగం నేనే పెట్టుకుంటాను. ఆఫీసు పేరు మీద ఉంది కాబట్టి ఉచితంగా ఇచ్చేటప్పుడు ఏ కాగితాలు రాయించుకోవాలో తెలిసినవాళ్లు అదీ చెప్పండి.