సంగటి దిగుతాంది, నీళ్లకే పొలమారుతాంది. ఎందుకు?

కళ్యాణదుర్గం రైతుబిడ్డ:
మా నాయనకు మూడు నెలల కింద పక్షవాతం వచ్చింది. చెయ్యి కొంచెం తిరిగింది, మాట ఇంకా ముద్దముద్దగానే ఉంది. రాగి సంగటి పప్పులో అద్ది ఇస్తే మెల్లగా మింగుతాడు. నీళ్లు తాగితే మాత్రం రెండో గుక్కకే దగ్గు. మా అమ్మ నెత్తిన తట్టి "ఎవరో తల్చుకుంటాండారు" అంటాది. రోజుకు పదిసార్లు తల్చుకునేంత చుట్టాలు మాకు లేరు. గట్టిది దిగి నీళ్లు దిగకపోవడమేంది?

కర్నూలు స్పీచ్ థెరపిస్టు:
అన్నా, మాటకే కాదు, మింగుడుకూ మా దగ్గరికే పంపుతారు. గొంతుముడి మీద వేలు పెట్టి ఒక గుటక వేయి. గబుక్కున పైకి పోయి దిగింది కదా? ఆ సెకనులోనే కథంతా. నాలుక ముద్దను వెనక్కి తోస్తుంది, మెత్తటి అంగిలి లేచి ముక్కుదారి మూస్తుంది. గడ్డం కింది కండరాలు స్వరపేటికను పైకీ ముందుకీ లాగుతాయి. నాలుక వెనకుండే రేకు, ఉపజిహ్విక, ఊపిరిగొట్టం మీద మూతలా వాలుతుంది, స్వరతంత్రులు దగ్గరపడతాయి, ఊపిరి ఆగుతుంది. ఎప్పుడూ బిగుసుకుని ఉండే ఆహారవాహిక నోరు సరిగ్గా అప్పుడే వదులవుతుంది. ముప్పై దాకా కండరాలను వరస తప్పకుండా నడిపేది మెదడు అడుగున ఉండే మజ్జాముఖం. ఆపైన ఆహారవాహిక, 25 సెంటీమీటర్ల గొట్టం, ముద్దను పిండుకుంటూ దించేస్తుంది, తలకిందులుగా ఉన్నా దిగుతుంది.

పక్షవాతంలో ఈ వరస ఆలస్యమవుతుంది. సంగటి నాలుక తోసేదాకా ఆగుతుంది. నీళ్లు ఆగవు, మూత వాలకముందే ఊపిరిగొట్టంలోకి జారిపోతాయి. నాయన ఎట్ల తాగుతాడు?

కళ్యాణదుర్గం రైతుబిడ్డ:
చెంబు ఎత్తిపట్టి, మూతి తగలకుండా, తల వెనక్కి వాల్చి. మా ఊర్లో అందరూ అంతే.

కర్నూలు స్పీచ్ థెరపిస్టు:
అది వెంటనే మాన్పించు. నిటారుగా కూర్చోబెట్టి గ్లాసుతో చిన్న చిన్న గుక్కలు. గడ్డం వంచి మింగమని కొందరికే చెప్తాం, పరీక్ష చేశాకే. సంగటికి దగ్గు రాలేదని ధీమా వద్దు, కొందరికి దగ్గు లేకుండానే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తిన్నాక గొంతు గరగరమన్నా, జ్వరమొచ్చినా ఆలస్యం చేయొద్దు.

కడప అబ్బాయి:
నీళ్లకు బదులు చిక్కటి అంబలి ఇవ్వచ్చా? మా అవ్వకు అట్లే ఇచ్చేవాళ్లం.

కర్నూలు స్పీచ్ థెరపిస్టు:
కొందరికి చిక్కనిదే మేలు. కానీ ఎంత చిక్కగా అనేది ఆయన మింగేది చూసి చెప్పాల్సిందే తమ్ముడూ.

కళ్యాణదుర్గం రైతుబిడ్డ:
సోమవారం అనంతపురం తీసకపోతాండా. అమ్మ పొద్దుట్నుంచి గొంతుముడి మీద వేలు పెట్టుకోని గుటకలు వేస్తాంది. చెంబు దాచిపెట్టినాం, నాయన మాత్రం దాన్నే అడుగుతాండాడు.